నిలబెట్టిన ముఖం

"నోరు కదిపావంటే ముక్కు చెక్కేస్తా," అన్నాడు బావ, బంకమట్టి ముద్ద పిసుకుతూ.

"చెక్కెయ్యి నాన్నా. జలుబన్నా వదిలిపోతుంది," అంది మా పిచ్చుక.

నాకు నవ్వాగలేదు. నేను నవ్వితే దానికీ ఆగదు. అది నవ్విందంటే బుగ్గలు పైకెక్కి, కళ్ళు రెండు గీతలైపోయి, బావ పొద్దుట్నించీ తీసుకున్న కొలతలన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

"ఒరే బావమరిదీ, ముందు నువ్వు బయటికి నడు. నువ్విక్కడుంటే ఆ తల్లికి ఈ జన్మలో ముఖం రాదు."

"నేనేం చేశాను బావా? గోడకి కొట్టిన మేకులా నిలబడ్డాను."

"మేకు ఇకిలించదురా."

"మావయ్యని పంపిస్తే నేనూ పోతా," అంది పిచ్చుక, పెదవులు కదపకుండా పళ్ళ మధ్యనుంచి. దాంతో బావకే నవ్వొచ్చేసింది. చేతిలో మట్టిముద్ద నామీదికి విసిరాడు. నేను వంగాను. అది వెళ్ళి, వెనకాల క్యారేజీ పట్టుకుని వస్తున్న మా అక్క భుజమ్మీద పడింది. ఆ పూట మా ముగ్గురికీ భోజనం కంటే ముందు తిట్లు వడ్డించింది అక్క.

పిచ్చుక మా అక్క కూతురు. ఒక్కతే. అసలు పేరు వేరే ఉంది గానీ, మాటలొచ్చిన దగ్గర్నుంచి కిచకిచలాడుతూనే ఉందని నేను పెట్టిన పేరే ఖాయమైపోయింది. బావ రాగిరేకు పనిలో పెద్ద మేస్త్రి. నేను పరంజాలు కడతాను, రివెట్లు కొడతాను, ఖాళీ దొరికితే జనాన్ని ఏడిపిస్తాను. నాకు చదువు అబ్బలేదు, వెటకారం మాత్రం అడక్కుండానే అబ్బింది. మేం పనిచేసే షెడ్డులో అందరికీ నేను మావయ్యనే. మాకు పనిచ్చిన ట్రస్టు పెద్దాయన కూడా ఒకసారి నోరుజారి "ఏమయ్యా మావయ్యా" అనేసి నాలిక్కరుచుకున్నాడు.

మేం చేస్తున్నది కొండమీద నిలబెట్టే తల్లి విగ్రహం. అంతకుముందు అక్కడ మోకాలెత్తు రాతిబొమ్మ ఒకటి ఉండేది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో చెప్పగలిగినవాళ్ళు లేరు. పిల్లలకి జబ్బు చేసినప్పుడు తల్లులు కొండెక్కి ఆ బొమ్మ ముఖాన్ని తడిమి, అదే చేత్తో ఇంటికొచ్చి పిల్లల ముఖం తడిమేవాళ్ళట. అలా ఎన్ని తరాలు తడిమారో ఏమో, ముక్కు, నోరు, కళ్ళు అన్నీ అరిగిపోయి తల నున్నటి గుండ్రాయిలా మిగిలింది. కొత్త విగ్రహానికి పునాది తీసినప్పుడు ఆ రాతిబొమ్మని అడుగున పెట్టి పైన కాంక్రీటు పోసేశారు. తల్లి పాదాల కింద తల్లే ఉండాలని ట్రస్టువాళ్ళ ఆలోచన.

కొత్తది మాత్రం కొండని మించిన కొండ. లోపల ఇనప చట్రం, పైన రాగి తొడుగు, మధ్యలో అంతా డొల్ల. మడమ దగ్గర తలుపు తీసి లోపలికి వెళితే ఇనపమెట్లు చుట్టలు తిరుగుతూ తలదాకా పోతాయి. కుడిచెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపిస్తుంది. ఎడమచెయ్యి కిందికి చాపి ఉంటుంది. ఒక పాదం అడుగు ముందుకేసి ఉంటుంది. విగ్రహం ఇంకా ముక్కలుగా షెడ్డులో ఉండగానే వీటన్నిటికీ అర్థాలు తయారుచేసి పెట్టుకున్నాడు మైకు మాష్టారు. వచ్చేవాళ్ళకి విగ్రహం గురించి చెప్పడానికి ట్రస్టు పెట్టుకున్న రిటైర్డు టీచరాయన. మెళ్ళో మైకు లేకపోతే పెళ్ళాంతో కూడా మాట్లాడడని నేను ప్రచారం చేసేవాణ్ణి.

"కుడిచెయ్యి భయపడకు అంటుంది. ఎడమచెయ్యి తీసుకో అంటుంది. పాదం వస్తున్నాను అంటుంది," అనేవాడు.

"ముఖం ఏమంటుంది మాష్టారూ?"

"మేస్త్రిగారు చెయ్యనివ్వవయ్యా, అదీ చెబుతాను."

ముఖం విషయంలో పెద్దాయన బావకి చెప్పింది ఒకటే మాట. "పాతబొమ్మ ముఖం ఎలా ఉండేదో ఎవరికీ తెలీదు. కాబట్టి నీ ఇష్టం మేస్త్రీ. ఎవరు చూసినా మా అమ్మే అనుకోవాలి, అంతే."

బావకి ఇష్టమైన ముఖం ఈ లోకంలో ఒకటే ఉంది. దాన్నే తెచ్చి స్టూలుమీద కూర్చోబెట్టాడు.

నుదురు, కనుబొమలు, కిందికి వాల్చిన కళ్ళు, ముక్కు కుదిరాయి. నోరు, బుగ్గలు, గడ్డం మిగిలాయి. నవ్వు ఆగని చోట్లన్నీ చివరికి పెట్టుకున్నాడు బావ. అంతలో దానికి జ్వరం వచ్చింది.

మామూలు జ్వరమే అనుకున్నాం. నేను మంచం పక్కన కూర్చుని, "పని ఎగ్గొట్టడానికి మంచి ఉపాయం కనిపెట్టావే" అన్నాను. "నీ దగ్గరే నేర్చుకున్నా మావయ్యా" అంది. తర్వాత దానికి మాటలు తగ్గాయి. ఆసుపత్రిలో సీసాలు ఎక్కించారు. డాక్టరు ముందు మా ముఖాల్లోకి చూసి మాట్లాడేవాడు, తర్వాత కాగితాల్లోకి చూసి మాట్లాడాడు, ఆ తర్వాత నర్సుని పంపాడు. అక్క ఒక పొద్దున చెప్పులు కూడా వేసుకోకుండా కొండెక్కింది. రాతిబొమ్మ కాంక్రీటు కింద ఉంది కదా. ఆ కాంక్రీటు దిమ్మనే రెండుచేతులా తడుముకుని, అదే చేతులతో ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. అరచేతులకి సిమెంటు అంటుకుని ఉంది. పిల్ల బుగ్గలమీద తెల్లటి చారికలు పడ్డాయి. వాటిని తుడిచేదాకా కూడా అది ఉండలేదు.

ఇంటికి తీసుకొచ్చాం. సాయంత్రం తీసుకెళ్ళాలి. ముందుగదిలో ఆడవాళ్ళు అక్కని పట్టుకుని కూర్చున్నారు. నేను వాకిట్లో నిలబడితే బావ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నోరింకా పెట్టలేదురా," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"దానికి నోరింకా పెట్టలేదు. షెడ్డు నుంచి ప్లాస్టరు పట్టుకురా. అక్కకి చెప్పొద్దు."

తెచ్చాను. నేనే కలిపాను. బావ వెనకగది తలుపు గడియ పెట్టి, దాని ముఖానికి నూనె రాసి, ప్లాస్టరు చేత్తో తీసుకుని మెల్లగా పరిచాడు. గట్టిపడేదాకా ఇద్దరం చెరోవైపు కూర్చున్నాం. తీశాక తడిగుడ్డతో ముఖమంతా తుడిచాడు. కనుబొమల్లో చిక్కుకున్న తెల్ల పలుకులు గోటితో ఒక్కొక్కటే ఏరాడు. పనంతా తనొక్కడే చేశాడు. గడియ మాత్రం తీయలేకపోయాడు. నేనే తీశాను.

తర్వాత బావ షెడ్డులోనే ఉండిపోయాడు. సగం కూర్చున్న పిల్లని చూసి చేసిన ముఖం, మిగతా సగం ఆ మూసలోంచి వచ్చిన ముఖం. రెండూ అతుకు తెలీకుండా కలిపాడు. దాన్ని ప్లాస్టరుతో ఇంత పెద్దది చేసి, షెడ్డు నేలమీద వెల్లకిలా పడుకోబెట్టాడు. ఆ కళ్ళలో నేను కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు, అంత పెద్దది. దానిమీద రేకులు పరిచి కొట్టడం మా పని. ఎలా వస్తోందో చూడాలంటే షెడ్డు దూలమెక్కి పైనుంచి కిందికి చూసేవాళ్ళం. అబ్బ, ఏం ముఖం! పెదవులు కాస్త విచ్చుకుని, ఇప్పుడే నిద్రపట్టిన పిల్లలా ఉండేది. పెద్దాయన చూసి కళ్ళు తుడుచుకున్నాడు. అక్క మాత్రం షెడ్డు వైపు రావడం మానేసింది. ఆ ముఖం ఎవరిదో ఆవిడకి తెలుసు, నోరు ఎలా వచ్చిందో తెలీదు.

ముఖాన్ని క్రేనుతో ఎత్తి నిలబెట్టిన రోజు ఊరంతా కొండ కింద చేరింది. తాళ్ళు లాగేవాళ్ళలో నేనూ ఉన్నాను. ముఖం గాలిలో మెల్లగా లేచి, నిటారుగా తిరిగి, మెడమీద కూర్చుంది. జనం చప్పట్లు మొదలుపెట్టారు. కానీ ఆ చప్పట్లు వర్షం పడబోయి ఆగిపోయినట్టు ఆగిపోయాయి.

ఏదో తేడాగా ఉంది. ఏమిటో ఎవరికీ తెలీలేదు. కింద నుంచి చూస్తే నుదురు చిన్నదవుతుందని బావ ముందే పెద్దది చేశాడు. గడ్డం కొలత కూడా సరిపోయింది. అయినా చూస్తుంటే ఒళ్ళు జలదరించింది.

అక్కకి ఒక్క చూపులో తెలిసిపోయింది. జనాన్ని తోసుకుంటూ క్రేను దగ్గరికొచ్చింది.

"పిల్లని ఎందుకు నిలబెట్టార్రా?" అని అరిచింది. "చచ్చిపోయిన పిల్లని ఎందుకు నిలబెట్టారు? పడుకోబెట్టండి దాన్ని!"

అప్పుడు అర్థమైంది నాకు. మనిషి నిలబడితే బుగ్గల్లో కండ కిందికి దిగుతుంది. వెల్లకిలా పడుకుంటే చెవులవైపు జారుతుంది. ప్రాణం లేకపోతే ఇంకా జారుతుంది, దవడ వదులవుతుంది. బావ ఆ ముఖాన్ని పడుకున్న మనిషి మీద తీశాడు, పడుకోబెట్టి కొట్టాడు, పడుకోబెట్టే చూసుకున్నాడు. షెడ్డులో ఉన్నన్నాళ్ళూ అది నిద్రపోయిన ముఖం. నిలబెట్టగానే శవం ముఖమైపోయింది. రాగిపనిలో బావని మించినవాడు లేడు, ఇంత చిన్న సంగతి అతనికి తట్టలేదు. తట్టాలంటే అది చచ్చిపోయిందని ముందు ఒప్పుకోవాలిగా.

మర్నాటి నుంచి జనం రావడం మొదలుపెట్టారు. తగ్గుతారేమో అనుకుంటే రెట్టింపయ్యారు. మైకు మాష్టారికి అర్థం కూడా దొరికేసింది. "చూడండి, ఆ కళ్ళు సగం మూసి ఉన్నాయి, మన తప్పులు చూడకూడదని. ఆ పెదవులు విచ్చుకుని ఉన్నాయి, మన పేరు పిలవబోతోంది. ఆ బుగ్గలు వడిలిపోయాయి, బిడ్డల కోసం ప్రాణాలిచ్చిన తల్లి ఆవిడ." ఆడవాళ్ళు వలవలా ఏడ్చేవాళ్ళు. ఏడ్చినవాళ్ళు మళ్ళీ పదిమందిని వెంటబెట్టుకొచ్చేవాళ్ళు. నేను పెద్దాయన దగ్గరికెళ్ళి, నోరొక్కటి సరిచేస్తామండీ అంటే, "ఇప్పుడా ముఖం ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా" అన్నాడు. నవ్వుతూ అనలేదు.

ఆ ఊళ్ళో ఏ వీధిలో నిలబడినా కొండ కనిపిస్తుంది. మూస సంగతి బావ నోటితోనే రాబట్టి, అక్క కిటికీలన్నీ మూసేసింది. బట్టలు ఇంట్లోనే ఆరేసేది, ఇల్లంతా ముక్కవాసన. కూరగాయలకి వెళ్తే తలొంచుకుని నేల చూస్తూ వెళ్ళి, అలాగే తిరిగొచ్చేది. ఒకసారి స్తంభానికి గుద్దుకుని నుదురు బొప్పి కట్టించుకుంది. "స్తంభానికి దెబ్బ తగల్లేదు కదా" అన్నాను. ఇదివరకైతే అట్లకాడ విసిరేది. ఆ రోజు వింటున్నట్టు కూడా లేదు. చిక్కి సగమైంది. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయేది.

బావ సంగతి ఇంకోలా ఉంది. పొద్దున్నే కొండకి పోయేవాడు. అతుకులు చూడాలి, రివెట్లు చూడాలి అనేవాడు. సాయంత్రం వచ్చేసరికి ముఖం తేటగా ఉండేది. అది చూసి అక్కకి ఒళ్ళు మండేది.

"నీకేం మనిషివయ్యా? ఆ నోరు చూసి ముద్దెలా దిగుతోంది నీకు?"

బావ కంచంలోకి చూసేవాడు.

"కూతురి శవాన్ని ఊరికి అమ్ముకున్నావు."

"అక్కా, ఊరుకో," అనేవాణ్ణి నేను.

"నువ్వు మాట్లాడకు. ప్లాస్టరు కలిపింది నువ్వే కదా."

ఆ మాట తర్వాత నాకిక ఆ ఇంట్లో హాస్యాలేవీ మిగల్లేదు. ఒకరోజు బావ లేనప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుంది. అక్క చెయ్యి పుల్లలా ఉంది.

"ఒరే తమ్ముడూ. నువ్వు లోపల్నించి వెళ్ళి ఆ నోరు కొట్టెయ్యరా. ఎలాగైనా ఫరవాలేదు, వంకరైనా ఫరవాలేదు. అలా ఉంటే మాత్రం నేనిక బతకనురా. బెదిరించడానికి అనట్లేదు."

నిజంగానే బెదిరింపు కాదు. దీపంలో చమురు అయిపోతోందని చెప్పినట్టు చెప్పింది.

సోమవారం విగ్రహం దగ్గరికి ఎవర్నీ రానివ్వరు, శుభ్రం చేసుకునే రోజు. ఎండ బాగా వచ్చాక, సంచిలో సుత్తి వేసుకుని మడమ తలుపు తీసి మెట్లెక్కాను. మోకాళ్ళ దగ్గర ఊపిరాడలేదు, నడుము దగ్గర నా నడుము పట్టేసింది, మెడదాకా వచ్చేసరికి నాలుక బయటికొచ్చింది. తలలో నిలబడడానికి పలకల మంచె ఒకటి వేసి ఉంది. తల వెనక కిందుగా చిన్న కిటికీ. అందులోంచి వచ్చే వెలుగు తప్ప ఇంకేం లేదు.

ఆ మంచెమీద మోకాళ్ళు పట్టుకుని బావ కూర్చున్నాడు.

నన్ను చూశాడు. సంచి చూశాడు. ఎందుకొచ్చావని అడగలేదు.

"ముందు ఇలా కూర్చుని చూడు. తర్వాత కొట్టుకుందువుగాని," అన్నాడు.

కూర్చున్నాను. ఎదురుగా ముఖం లోపలివైపు. అంటే అంతా తిరగేసిన గిన్నెలా గుంట. ముక్కు అవతలికి పోయి ఉంది. పెదవులు అవతలికి పోయి ఉన్నాయి. రేకుమీద సుత్తిదెబ్బలు చేపపొలుసుల్లా మెరుస్తున్నాయి. ఇందులో చూడ్డానికేముంది అందామనుకున్నాను.

కాసేపటికి ఆ గుంట లేచి ముందుకొచ్చింది.

అబద్ధమాడుతున్నానని అనుకునేరు. గుంటగా ఉండే ముఖాన్ని మన కళ్ళు ఎప్పుడూ చూసి ఉండవు కదా, దాన్నవి ఒప్పుకోవు. తెలిసిన ముఖంలాగే ఉబ్బెత్తుగా చేసి చూపిస్తాయి. పైగా వెలుగు కింద నుంచి పడడం వల్ల నీడలన్నీ తారుమారై, జారిపోయిన బుగ్గలు పైకి లేచాయి. పిచ్చుక నా ఎదురుగా ఉంది. నవ్వు ఆపుకుంటోంది. నేను పక్కకి జరిగాను. అది నావైపు తిరిగింది. ఇటు జరిగాను. ఇటు తిరిగింది. నేను ఎటెళితే అటే చూస్తోంది, చిన్నప్పుడు నా జేబులో ఏం తెచ్చానో అని చూసినట్టు.

నా నోట్లోంచి "ఏమే" అనే మాట వచ్చేసింది.

"నేనూ అలాగే పిలుస్తాను," అన్నాడు బావ.

సుత్తి సంచిలోంచి తీయలేదు. కిందికి దిగొచ్చాను. దిగుతూ ఒకటే ఆలోచన. ఒకే రేకు. బయటివైపు చూసి అక్క చచ్చిపోతోంది. లోపలివైపు చూసి బావ బతుకుతున్నాడు. ఒక దెబ్బ కొడితే రెండువైపులా పడుతుంది. అంత పెద్ద తీర్పు నాలాంటి వాడి చేతిలో పెట్టకూడదు. ఇంటికెళ్ళి అక్కని లేపి, "నువ్వే వచ్చి చూడు. చూసి కొట్టమంటే అప్పుడే కొడతా," అన్నాను.

"నేను రాను."

"లోపల్నించి అక్కా. బయట చూడక్కర్లేదు. తలమీద కొంగు కప్పుకో, నేను పట్టుకుని తీసుకెళ్తా."

గుడ్డివాళ్ళని నడిపించినట్టు నడిపించాను. మెట్లమీద ప్రతి మలుపులోనూ కూర్చుంది. "ఇంకెంత?" అంటే "తొడ దాటాం" అన్నాను. నవ్విద్దామనే అన్నాను. "నోర్ముయ్యరా," అంది. చాలా రోజుల తర్వాత తిట్టింది, నాకు ప్రాణం లేచొచ్చింది.

పైన బావ అక్కడే ఉన్నాడు. అక్కని చూసి నిలబడ్డాడు, తల ఇనప దూలానికి తగిలింది. అక్క కొంగు తీసింది.

ఆ ముఖంకేసి చూస్తూ నిలబడింది. తర్వాత ఒక అడుగు అటేసింది. ఒక అడుగు ఇటేసింది. చెయ్యి ముందుకి చాపింది. చెయ్యి ముట్టుకోవాల్సిన చోట బుగ్గ లేదు, ఖాళీ. ఇంకా ముందుకి చాపితే, ఎక్కడో లోపల, చల్లటి రేకు తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎప్పట్నించి వస్తున్నావిక్కడికి?" అంది, బావ వైపు చూడకుండానే.

"నిలబెట్టిన మర్నాటి నుంచి."

"నేను కింద తలుపులేసుకుని చస్తుంటే, నువ్వొక్కడివీ ఇక్కడ కూర్చుని దీన్ని చూసుకుంటున్నావు."

"చెబితే నువ్వు వస్తావు. వస్తే మళ్ళీ దిగవేమోనని భయమేసింది."

అక్క ఆ మాట గురించి ఆలోచించింది. కూర్చోబోయింది. సగం వంగి, మళ్ళీ గబుక్కున లేచింది. నిప్పుమీద కూర్చోబోయినట్టు లేచింది.

"అవును. దిగను," అంది. "నువ్వూ దిగట్లేదు. నీకు తెలీట్లేదంతే. ఇంటికొచ్చేది నీ చొక్కా ఒక్కటే."

నా సంచిలోంచి సుత్తి లాక్కుంది. నేను పట్టుకోబోయేలోపే కొట్టింది. రెండుచేతులా, పెదవి కొసమీద. తలంతా గంటలా మోగింది. విగ్రహం కళ్ళ గుంటల్లోంచి దుమ్ము రాలింది. మళ్ళీ కొట్టింది. రేకు చొట్టపడింది. ముందుకొచ్చిన ముఖం ఒక్కసారిగా వెనక్కి పోయి గుంటైపోయింది, ఎంత చూసినా మళ్ళీ లేవలేదు. బావ కొయ్యలా నిలబడ్డాడు. అక్క మూడోది ఎత్తింది.

"అక్కడ కాదు!" అని అరిచాడు బావ. "అది అతుకు! చిరిగిపోతుంది!"

అక్క ఆగింది. ముగ్గురం ఆయాసపడుతున్నాం. బావ వచ్చి మెల్లగా ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి సుత్తి తీసుకున్నాడు. కోపంతో కాదు. తప్పుగా పట్టుకున్న పనిముట్టు తీసుకునే అలవాటుతో.

"దీనికి ఇనప సుత్తి పనికిరాదు. చెక్కది కావాలి. ముందు రేకు కాల్చి మెత్తబరచాలి. బయట నుంచి దిమ్మ ఒత్తిపట్టాలి," అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఒరే, తాళ్ళు కట్టు," అన్నాడు.

తల్లి నుదుటిమీద నుంచి తాళ్ళు దింపి, పలక కట్టుకుని, ఆవిడ నోటి ముందు వేలాడాను. కింద ఊరు అగ్గిపెట్టెల్లా ఉంది. గాలికి ఊగుతున్నాను. ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా, మా పిల్ల చచ్చిపోయిన నోరు. లోపల బావ గ్యాసు మంటతో రేకు కాలుస్తుంటే బయటికి రంగు మారడం కనిపించేది, ఎర్రగా, తర్వాత నల్లగా. "పట్టు," అనేవాడు. నేను చెక్కదిమ్మ ఒత్తిపట్టేవాణ్ణి. దెబ్బ నా భుజంలోకి దిగేది. అక్క లోపల బావకి లైటు చూపిస్తోంది.

పెదవులు మూశాం. బుగ్గల్లో కండ కిందికి దించాం. ఇక అది మా పిల్ల ముఖం కాకూడదు.

"ఇంకా దానిలాగే ఉందా?" లోపల్నించి బావ గొంతు, గొట్టంలోంచి వచ్చినట్టు.

"ఉంది బావా."

దవడ బిగించాం. పెదవి కొసలు లావు చేశాం.

"ఇప్పుడు?"

పిచ్చుకకి కుడి బుగ్గమీద, పెదవి దగ్గరగా, చిన్న పల్లం ఉండేది. సొట్ట కూడా కాదు. నవ్వబోయే ముందు అక్కడ కదిలేది. కూర్చోబెట్టి కొలుచుకున్న రోజులు గుర్తుపెట్టుకుని, మూసలో లేకపోయినా బావ దాన్ని పెట్టాడు. అదొక్కటే మిగిలింది. కింద నుంచి చూసేవాళ్ళకి కనిపించదు. నేను చెప్పకపోతే బావకీ లోపల్నించి తెలీదు.

"ఒరే, పలకవేం? ఇప్పుడు ఎలా ఉంది?"

జీవితమంతా ఉన్నది లేదని, లేనిది ఉందని చెప్పి జనాన్ని నమ్మించినవాణ్ణి. ఇక్కడా "లేదు" అనేస్తే చాలు. లోపల లైటు కదిలింది. రివెట్టు కన్నంలోంచి అక్క కన్ను కనిపించింది.

"తమ్ముడూ, నిజం చెప్పు," అంది.

"కొంచెం ఉంది," అన్నాను. "కుడి బుగ్గమీద. నా దిమ్మకి ఎడంగా, బెత్తెడు పైన."

అదేమిటో బావకి నేను చెప్పక్కర్లేదు. తర్వాత మంట వెలిగిన శబ్దం. రేకు ఎర్రబడింది. దిమ్మ పెట్టాను.

మెత్తటి దెబ్బలు. మూడో నాలుగో. నేను చూసినవాటిలో అంత శుభ్రమైన పని ఇంకోటి లేదు.

"ఇప్పుడు?"

"లేదు బావా," అన్నాను. "ఇప్పుడు లేదు."

ఆ వారం పెద్దాయన పైకి చూసి, మళ్ళీ చూసి, బావని పిలిపించాడు. బావ వెళ్ళలేదు. తిట్టడానికి నన్ను పిలిచాడు. నేను నిలబడి తిట్లు తిన్నాను. ఈలోపు మైకు మాష్టారు పక్కనే కొత్త అర్థం చెప్పడం మొదలుపెట్టాడు, తల్లి పెదవులు మూసుకుందని, ఇక మనమే మాట్లాడాలని. జనం తలలూపారు. వాళ్ళు తలలూపడం చూసి పెద్దాయన కూడా చల్లబడ్డాడు.

అక్క వీధి కిటికీ తీసింది. ఇంట్లో ముక్కవాసన పోయేదాకా అలాగే ఉంచింది. నేను వెళ్ళేసరికి ఊచలు పట్టుకుని కొండవైపు చూస్తోంది.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగుంది. ఎవరో," అంది.

ఇంకాసేపు చూసింది, ఆ ముఖంలో ఎక్కడన్నా ఏమన్నా మిగిలిందేమో వెతుకుతున్నట్టు. తర్వాత లోపలికెళ్ళి రెండు కంచాలు పెట్టింది. నన్ను చూసి మూడోది పెట్టింది. బావ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ముద్ద కలుపుకున్నాడు గానీ తినలేదు. అక్క అతని ఎదురుగా కూర్చుని, అతని కంచంలోంచే ఒక ముద్ద తీసి, నోటిదాకా తీసుకెళ్ళి, అతను నోరు తెరిచేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.